జిగ్‌జాగ్ గ్రాఫీన్ రిబ్బన్: లెక్కలో గ్యాప్ లేదు, ప్రయోగంలో ఉంది. ఏది నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. గుంటూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నారు. ప్రాజెక్టుకి గ్రాఫీన్ నానోరిబ్బన్లలో (ఒక్క అణువు మందం ఉన్న కార్బన్ షీట్ తాలూకు సన్నటి పట్టీల్లో) ఎలక్ట్రాన్ ట్రాన్స్‌పోర్ట్ తీసుకున్నారు. ల్యాబ్ లేదు, చేతిలో ఉన్నది ఒక ల్యాప్‌టాప్, పైథాన్. అంచు రంపపు పళ్లలా ఉండే, సుమారు 10 నానోమీటర్ల వెడల్పున్న జిగ్‌జాగ్ రిబ్బన్‌కి లెక్క వేస్తే సున్నా ఎనర్జీ చుట్టూ కూడా ఎలక్ట్రాన్ ఈ చివరి నుంచి ఆ చివరికి దాటే అవకాశం, అంటే ట్రాన్స్‌మిషన్ సరిగ్గా 1 వస్తోంది. చదివిన ప్రయోగాల పేపర్లలో మాత్రం ఇంత సన్నటి రిబ్బన్లకి గ్యాప్ (కరెంటు పోని ఎనర్జీల మేర) కనబడుతోంది. గైడ్ గారు కోడ్ మళ్లీ చూసుకోమన్నారు. వైవా దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉందని రాశారు.

మీ కోడ్ తప్పు కాదు, ప్రయోగాలూ తప్పు కాదు. మీరు లెక్కేసిన రిబ్బనూ వాళ్లు కొలిచిన రిబ్బనూ వేరు వేరు. మీ రిబ్బన్ అంచున ఒక్క అణువు కూడా లోటు లేదు. వాళ్లది ప్లాస్మాతో కోసిన రిబ్బన్, దాని అంచు గరుకు. ఇంత సన్నటి రిబ్బన్‌లో కరెంటు సంగతి తేల్చేది అంచే. మీ మోడల్లో అంచుని కొద్దిగా పాడుచేసి, రిబ్బన్ పొడవు పెంచుతూ పోండి. వాళ్లు చూసిన గ్యాప్ లాంటిది మీకూ కనబడుతుంది.

నేను విజయవాడలో ఉంటాను. నా పీహెచ్‌డీ ఇలాంటి లెక్కల మీదే. ఇప్పుడు ఎమ్మెస్సీ పిల్లలకి క్వాంటమ్ మెకానిక్స్ చెబుతూ ఇవే ప్రాజెక్టులు చేయిస్తున్నాను. మీ ప్రశ్న దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ 1 సంగతి. లాండావర్ సూత్రం ప్రకారం కండక్టెన్స్ అంటే రెండు ఈ-స్క్వేర్ బై హెచ్‌ని ట్రాన్స్‌మిషన్‌తో గుణించడమే. ఆ ప్రమాణం సుమారు 77.5 మైక్రో సీమెన్స్, తిరగేస్తే 12.9 కిలో ఓమ్‌లు. శుద్ధమైన రిబ్బన్‌లో ట్రాన్స్‌మిషన్ అంటే ఆ ఎనర్జీ దగ్గర తెరిచి ఉన్న చానళ్ల సంఖ్య, కాబట్టి పూర్ణాంకమే రావాలి. జిగ్‌జాగ్‌లో అది 1, 3, 5 అని బేసి సంఖ్యలుగా పెరుగుతుంది. హాపింగ్ (ఎలక్ట్రాన్ పక్క అణువు మీదికి దూకే బలం) 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు తీసుకుంటే, 10 నానోమీటర్ల రిబ్బన్‌లో 1 నుంచి 3కి మెట్టు దాదాపు 0.26 ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర పడాలి. మీ గ్రాఫ్‌లో ఆ మెట్టు అక్కడే ఉంటే హామిల్టోనియన్ (ఎనర్జీల మాట్రిక్స్) సరిగ్గానే కట్టారన్నమాట. ఇంకో రెండు పరీక్షలు చేయండి. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి ట్రాన్స్‌మిషన్ ఒకటే రావాలి. ట్రాన్స్‌మిషన్, రిఫ్లెక్షన్ కలిపితే చానళ్ల సంఖ్యకి సమానం కావాలి. ఇవి మూడూ సరిపోతే గైడ్ గారికి ఆ అంకెలు చూపించండి, కోడ్ మీద అనుమానం పోతుంది.

సరిగ్గా సున్నా ఎనర్జీ దగ్గర మాత్రం లెక్క వేయకండి. జిగ్‌జాగ్ అంచు స్థితులు అక్కడ చదునైన బ్యాండ్‌లా పేరుకుని ఉంటాయి. లీడ్ల (రిబ్బన్ రెండు చివర్ల తీగల) ప్రభావాన్ని లెక్కలోకి తెచ్చే సెల్ఫ్ ఎనర్జీ అక్కడ అదుపు తప్పి ఏదో ఒక అంకె ఇస్తుంది. 0.001 ఎలక్ట్రాన్ వోల్ట్ నుంచి మొదలుపెట్టండి.

ఇక ప్రయోగం వైపు. గ్రాఫైట్ నుంచి టేపుతో ఒక్క పొరని విడదీసి దాని మీద కరెంటు కొలిచిన పని మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్‌లది, 2004లో. నోబెల్ 2010లో వచ్చింది. పెద్ద షీట్‌కి బ్యాండ్ గ్యాప్ లేదు. గేట్ వోల్టేజ్‌తో అడ్డుగోడ నిలబెట్టినా నేరుగా వచ్చే ఎలక్ట్రాన్ దాన్ని దాటిపోతుంది. దాన్నే క్లైన్ టన్నెలింగ్ అంటారు. ఆపలేని కరెంటుతో స్విచ్ తయారుకాదు కాబట్టి, సన్నగా కోస్తే గ్యాప్ వస్తుందేమోనని అందరూ రిబ్బన్ల మీద పడ్డారు.

2007లో కొలంబియా యూనివర్సిటీలో ఫిలిప్ కిమ్ బృందం రకరకాల వెడల్పుల్లో రిబ్బన్లు కోసి కొలిచింది. సన్నబడేకొద్దీ గ్యాప్ పెరిగింది, వెడల్పుకి విలోమంగా. ఇంతవరకూ థియరీ చెప్పినట్టే ఉంది. మీరు ఆగి చూడాల్సింది ఆ పేపర్లోని ఇంకో ఫలితం. ఒకే షీట్ మీద వేర్వేరు దిశల్లో రిబ్బన్లు కోశారు. థియరీ ప్రకారం దిశ మారితే అంచు జిగ్‌జాగ్ నుంచి ఆర్మ్‌చైర్ అనే ఇంకో రకం అమరికకి మారాలి, దానితోపాటు గ్యాప్ కూడా గట్టిగా మారాలి. మారలేదు. ఏ దిశలో కోసినా, ఒకే వెడల్పుకి గ్యాప్ ఇంచుమించు ఒకటే. పైగా 15 నానోమీటర్ల రిబ్బన్‌కి 0.2 ఎలక్ట్రాన్ వోల్ట్ వరకూ చూశారు. మీ హాపింగ్‌తోనే శుద్ధమైన ఆర్మ్‌చైర్ రిబ్బన్‌కి ఆ వెడల్పులో లెక్క వేస్తే 0.08 మించదు. దిశతో సంబంధం లేదు, సైజు రెట్టింపుకి పైనే ఉంది. అంటే అది మనం పాఠాల్లో గీసే బ్యాండ్ గ్యాప్ కాదు.

తర్వాతి రెండు మూడేళ్లలో సంగతి తేటపడింది. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ వాళ్లు 2009లో ఇలా కోసిన రిబ్బన్లలో రెండు వేర్వేరు ఎనర్జీ స్కేళ్లు చూపించారు. గేట్ మారుస్తూ పోతే కనిపించే గ్యాప్ ఒకటి, సోర్స్ డ్రెయిన్ మధ్య వోల్టేజ్ పెంచితే కనిపించేది ఇంకొకటి. రిబ్బన్ పొడవునా ఎలక్ట్రాన్లు చిన్న చిన్న మడుగులుగా విడిపోయి, ఒక్కో మడుగూ ఒక క్వాంటమ్ డాట్‌లా పనిచేస్తోంది. ఒక డాట్‌లోకి ఇంకో ఎలక్ట్రాన్ రావాలంటే చార్జింగ్ ఎనర్జీ కట్టాలి. గరుకు అంచు, కింద ఆక్సైడ్‌లో చిక్కుకున్న చార్జీలు, ఈ రెండూ కలిసి చేసే పని ఇది. అందుకే దీన్ని ట్రాన్స్‌పోర్ట్ గ్యాప్ అనాలి. ఆ గ్యాప్ లోపల స్థితులు ఉంటాయి, కానీ అవి రిబ్బన్ ఈ చివరి నుంచి ఆ చివరికి సాగి ఉండవు. మీ రిపోర్టులో ఈ రెండు మాటలూ కలిపేయకండి. వైవాలో తెలిసిన ఎగ్జామినర్ ఎవరైనా మొదట పట్టుకునేది ఇక్కడే.

ఒక్క అణువు లోటుకి ఇంత ప్రభావం ఎలా ఉంటుందని మీకు అనిపించవచ్చు. గ్రాఫీన్‌లో తక్కువ ఎనర్జీ ఎలక్ట్రాన్లు రెండు వ్యాలీల్లో (మొమెంటమ్ పటంలో దూరంగా ఉన్న రెండు గుంపుల్లో) ఉంటాయి. జిగ్‌జాగ్ రిబ్బన్ మొదటి మెట్టు మీద ఒక వ్యాలీలోని చానల్ కుడికి మాత్రమే పోతుంది, రెండో వ్యాలీది ఎడమకి మాత్రమే. మన బెంజ్ సర్కిల్ దగ్గర పక్కపక్కనే ఉన్న రెండు ఫ్లైఓవర్లు చూడండి. పోయేదొకటి, వచ్చేదొకటి. ఒకదాని మీద పోతున్న బండి మధ్యలో వెనక్కి తిరగాలంటే పక్క ఫ్లైఓవర్ మీదికి దూకాలి. ఎలక్ట్రాన్ వెనక్కి మళ్లాలన్నా వ్యాలీ మారాలి. రెండు వ్యాలీల మధ్య మొమెంటమ్ తేడా చాలా ఎక్కువ. ఆక్సైడ్‌లోని చార్జీల పొటెన్షియల్ రిబ్బన్ దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిగా మారుతూ ఉంటుంది కాబట్టి, అంత మొమెంటమ్ ఇవ్వలేదు. ల్యాటిస్ కొలత 0.246 నానోమీటర్లు. ఆ స్కేల్లో ఒక్కసారిగా మారేది ఏదైనా ఉంటేనే అది సాధ్యం. అంచున ఊడిపోయిన కార్బన్ అణువు సరిగ్గా అలాంటిదే. వాకాబయాషి, తకానె, సిగ్రిస్ట్ 2007లో ఈ చానల్ సంగతే రాశారు. పొటెన్షియల్ నునుపుగా మారినంతకాలం ఆ ఒక్క చానల్ ఎంత పొడవు రిబ్బన్‌లోనైనా చెక్కుచెదరదు.

ఇది మీరే చేసి చూడండి, మంచి గ్రాఫ్ వస్తుంది. ఒకసారి మూడు నాలుగు నానోమీటర్ల విస్తీర్ణంలో మెల్లగా మారే యాదృచ్ఛిక పొటెన్షియల్ పెట్టండి. ఇంకోసారి అదే బలంతో ఒక్కో అణువు మీద విడివిడిగా మారే పొటెన్షియల్ పెట్టండి. మొదటిదాంట్లో ట్రాన్స్‌మిషన్ 1ని అంటిపెట్టుకుని ఉంటుంది, రెండోదాంట్లో పడిపోతుంది. నా దగ్గర ప్రాజెక్టు చేసిన ఒక అమ్మాయి ఈ రెండు గీతలూ ఒకే బొమ్మలో పెట్టింది. వైవాలో సగం సమయం ఎగ్జామినర్ ఆ బొమ్మ మీదే మాట్లాడారు.

ఇక అంచుని పాడుచేసే పద్ధతి. చాలామంది కోడ్‌లు తడబడేది ఇక్కడే. రిబ్బన్ రెండు అంచుల మీద మొదటి వరుసలోని ఒక్కో అణువుకీ ఒక యాదృచ్ఛిక సంఖ్య తీయండి. అది 0.1 కన్నా తక్కువైతే ఆ అణువుని తీసేయండి. తీశాక కొన్ని అణువులు ఒకే ఒక్క బంధంతో వేలాడుతూ మిగులుతాయి. నిజమైన రిబ్బన్‌లో అలాంటివి నిలవవు, మీ లెక్కలో మాత్రం సున్నా దగ్గర లేనిపోని స్థితులు పుట్టిస్తాయి. వాటినీ తీసేయాలి. తీస్తే ఇంకొకటి వేలాడవచ్చు, ఏదీ మిగలని దాకా మళ్లీ మళ్లీ వెతకాలి. తీసేయడం అంటే మాట్రిక్స్‌లోంచే తీసేయడం. హాపింగ్‌ని సున్నా చేసి ఊరుకుంటే ఆ అణువు ఒంటరిగా సున్నా ఎనర్జీతో మాట్రిక్స్‌లోనే ఉండిపోతుంది. సున్నా దగ్గర గ్రీన్స్ ఫంక్షన్‌లో (ఎలక్ట్రాన్ ఎలా ప్రయాణిస్తుందో చెప్పే మాట్రిక్స్‌లో) పిచ్చి శిఖరాలు కనబడుతుంటే ముందు దీన్ని అనుమానించండి. లీడ్‌కి ఆనుకున్న రెండు మూడు సెల్స్ మాత్రం శుద్ధంగా వదిలేయండి.

సగటు తీసే పద్ధతి ఇంకా ముఖ్యం. ఒక పొడవుకి కొన్ని వందల శాంపిల్స్ వేసి ట్రాన్స్‌మిషన్‌కి మామూలు సగటు తీస్తే మోసపోతారు. పొడవాటి రిబ్బన్‌లో చాలా శాంపిల్స్‌కి దాదాపు సున్నా వస్తుంది, ఎక్కడో ఒకటి రెండు శాంపిల్స్‌లో రెజొనెన్స్ తగిలి 0.8, 0.9 వస్తుంది. ఆ ఒకటి రెండే సగటుని లాగేస్తాయి. ట్రాన్స్‌మిషన్ లాగరిథమ్‌కి సగటు తీయండి. పొడవుకి ఎదురుగా దాన్ని గీస్తే సరళరేఖలా కిందికి దిగుతుంది. ఆ వాలు నుంచి లోకలైజేషన్ పొడవు (ఎలక్ట్రాన్ స్థితి ఎంత దూరం సాగి ఉంటుందో ఆ కొలత) వస్తుంది. కొందరు ఆ సూత్రంలో 2 పెడతారు, కొందరు పెట్టరు. మీరు ఏది వాడారో రాయండి. మొదటి మెట్టు మీద ఒక ఎనర్జీ దగ్గర, అంటే 0.05 దగ్గర, చానళ్లు ఎక్కువున్న 0.4 దగ్గర విడివిడిగా గీయండి. మీ రిబ్బన్ పొడవు లోకలైజేషన్ పొడవుని మించిన ఎనర్జీలన్నీ కలిపితే అదే మీ ట్రాన్స్‌పోర్ట్ గ్యాప్.

జిగ్‌జాగ్ మొదట్లో మొండికేస్తుంది. అదే 10 శాతం లోటుకి ఆర్మ్‌చైర్ రిబ్బన్ తొందరగా కుదేలవుతుంది, జిగ్‌జాగ్ కొంత దూరం తట్టుకుంటుంది. కారణం చూడాలంటే రెండు బొమ్మలు గీయండి, ఒకటి స్థితుల సాంద్రతకి, రెండోది కరెంటుకి. సున్నా దగ్గర సాంద్రత అంచులమీద ధగధగలాడుతుంది, కరెంటు మాత్రం రిబ్బన్ నడిమధ్య నుంచి పోతుంది. అంచు స్థితులంటే కరెంటు అంచునే పోతుందని చాలామంది రిపోర్టుల్లో రాసేస్తారు. పక్క అణువుకి మాత్రమే హాపింగ్ ఉన్న మోడల్లో అది నిజం కాదు. రెండో పొరుగు అణువుకి కూడా హాపింగ్ చేరిస్తే చదును బ్యాండ్ వంగి, అంచున కరెంటు వస్తుంది. అంటే మోడల్లో ఏం వదిలేశామన్నది కూడా ఫలితంలో భాగమే. ఏదేమైనా జిగ్‌జాగ్ కొంత దూరం తట్టుకుంటుంది కాబట్టి 20 నానోమీటర్ల పొడవుకే గ్యాప్ రాలేదని కంగారు పడకండి. 100 నుంచి 200 నానోమీటర్ల దాకా పొండి.

అంత పొడవు మీ ల్యాప్‌టాప్‌కి కష్టమనుకోకండి, పద్ధతి మారిస్తే చాలు. 10 నానోమీటర్ల వెడల్పు, 100 నానోమీటర్ల పొడవంటే దాదాపు 39,000 అణువులు. మొత్తం మాట్రిక్స్‌ని ఒకేసారి ఇన్వర్స్ చేయబోతే దాన్ని మెమరీలో పెట్టుకోడానికే 23 గిగాబైట్లకి పైగా కావాలి. అదే రిబ్బన్‌ని 0.246 నానోమీటర్ల ముక్కలుగా చూస్తే ఒక్కో ముక్కలో 96 అణువులే. 96 బై 96 మాట్రిక్స్‌తో ఒక్కో ముక్కా కలుపుకుంటూ 400 ముక్కలు పోవడమే రికర్సివ్ గ్రీన్స్ ఫంక్షన్ పద్ధతి. ఇదంతా చేతితో రాయనక్కర్లేదు. క్వాంట్ అనే ఉచిత పైథాన్ ప్యాకేజీ ఉంది, 2014లో దాని పేపర్ వచ్చింది. అయినా ఒక్కసారి చిన్న రిబ్బన్‌కి సొంతంగా రాసి, క్వాంట్ ఇచ్చిన అంకెతో పోల్చుకోండి. సుప్రియో దత్తా గారు ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివి అమెరికాలో పర్డ్యూలో స్థిరపడినవారు, ఈ గ్రీన్స్ ఫంక్షన్ పద్ధతిని ఇంజనీర్లకి అర్థమయ్యేలా చెప్పిన మనిషి. ఆయన పాఠాలు నానోహబ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. మీకు పునాది అక్కడ గట్టిగా పడుతుంది. శాంపిల్స్ వేసే పని రాత్రిపూట పెట్టుకోండి. మన మే నెల ఎండల్లో పగలు ఫుల్ లోడ్ ఇస్తే ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం తగ్గించేసుకుంటుంది.

ఒక్కటి ఒప్పుకోవాలి, మీ మోడల్లో ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ లేదు. జిగ్‌జాగ్ అంచున అన్ని స్థితులు ఒకే ఎనర్జీ దగ్గర పేరుకుంటే వికర్షణ ఊరుకోదు. ఒక అంచున స్పిన్ పైకి, రెండో అంచున కిందికి తిరిగి గ్యాప్ తెరుచుకుంటుందని 1996లో ఫుజితా బృందం సూచించింది. 2006లో బర్క్‌లీ నుంచి సన్, కోహెన్, లూయీ ఇంకా ఖచ్చితమైన లెక్కతో అదే చెప్పారు. అదే పేపర్ ప్రకారం ఆర్మ్‌చైర్ రిబ్బన్లు కూడా అన్నీ గ్యాప్ ఉన్నవే. టైట్ బైండింగ్‌లో (మీరు వాడిన హాపింగ్ మోడల్లో) మూడింట ఒక రకానికి గ్యాప్ రాదు కదా, అంచు బంధాలు కాస్త కురచబడటం వల్ల దానికి కూడా చిన్న గ్యాప్ వస్తుంది. అయితే మీ 10 నానోమీటర్ల గొడవకి స్పిన్ సమాధానం సరిపోదు. 2014లో హంగరీ బృందం ఎస్‌టీఎం (అణువుల స్థాయిలో చూసే మైక్రోస్కోప్) సూదితో చక్కని అంచులున్న జిగ్‌జాగ్ రిబ్బన్లు చెక్కి చూసింది. 7 నానోమీటర్ల లోపు వాటికి 0.2 నుంచి 0.3 ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్ ఉంది, అంతకన్నా వెడల్పైన వాటికి లేదు. అంటే అంచు బాగుంటే, మీ వెడల్పులో, గది ఉష్ణోగ్రత దగ్గర, ప్రయోగం కూడా మీ లెక్క వైపే ఉంది. మీ గైడ్ గారికి ముందు చూపించాల్సిన పేపర్ ఇదే అని నా అభిప్రాయం.

అంచు బాగుంటే కరెంటు ఎంత బాగా పోతుందో అదే ఏడాది ఇంకో బృందం చూపించింది. సిలికాన్ కార్బైడ్ మెట్ల పక్కగోడల మీద పెంచిన 40 నానోమీటర్ల రిబ్బన్లలో, గది ఉష్ణోగ్రత దగ్గరే, ఎలక్ట్రాన్లు 10 మైక్రోమీటర్లకి పైగా తగలకుండా పోయాయి. కోసిన రిబ్బన్ వేరు, పెంచిన రిబ్బన్ వేరు. పేపర్ చదివేటప్పుడు రిబ్బన్ ఎలా తయారైందన్న పేరా ముందు చదవండి, గ్రాఫ్ తర్వాత చూడండి.

ఉష్ణోగ్రత గురించి కొంచెమే. 300 కెల్విన్ దగ్గర ఫెర్మి ఫంక్షన్ మెట్లని సుమారు 0.09 ఎలక్ట్రాన్ వోల్ట్ మేర పులిమేస్తుంది. మీ రిబ్బన్‌లో 1 నుంచి 3కి మెట్టు 0.26 దగ్గర ఉంది కాబట్టి ఆనవాలు మిగులుతుంది. అదే 100 నానోమీటర్ల రిబ్బన్ అయితే మెట్లు పూర్తిగా కలిసిపోతాయి. అందుకే అలాంటివాటిని ద్రవ హీలియం చల్లదనంలో కొలుస్తారు.

మీరు చివర్లో అయస్కాంత క్షేత్రం కూడా పెడదామనుకుంటున్నానని రాశారు. పెట్టండి, కానీ అంకెని టెస్లాల్లోకి మార్చి చూసుకోండి. ఒక షడ్భుజి వైశాల్యం 0.052 చదరపు నానోమీటర్లే. కోడ్‌లో ఒక్కో షడ్భుజికి ఫ్లక్స్ క్వాంటమ్‌లో నూరో వంతు అని హాయిగా 0.01 రాసేస్తారు. అది దాదాపు 790 టెస్లాలు! ల్యాబ్‌లో మామూలుగా దొరికేది పదీ పదిహేను టెస్లాలు. 10 టెస్లాల దగ్గర మాగ్నెటిక్ లెంగ్త్ (క్షేత్రంలో ఎలక్ట్రాన్ తిరిగే చుట్టు సైజు) 8 నానోమీటర్లు, మీ రిబ్బన్ మొత్తం వెడల్పే 10. ఆ రిబ్బన్‌లో గ్రాఫీన్‌కి ప్రత్యేకమైన 2, 6, 10 హాల్ మెట్లు (ఈ-స్క్వేర్ బై హెచ్ లెక్కన) ఆశించకండి. వాటికోసం వెడల్పు కనీసం 60, 70 నానోమీటర్లకి పెంచాలి, అప్పుడు లెక్క బరువెక్కుతుంది. మీకున్న సమయంలో అయితే నేను దీన్ని వదిలేయమంటాను. అంచు లోటు 5, 10, 20 శాతాలకి లోకలైజేషన్ పొడవు ఎలా మారుతుందో చక్కగా చూపిస్తే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి అది నిండుగా సరిపోతుంది.

ముందు మూడు పరీక్షల అంకెలు, తర్వాత 10 శాతం లోటుకి లాగరిథమ్ సగటు గ్రాఫ్ వేసి ఇదే ప్రశ్న కింద పెట్టండి. రేఖ సరళంగా రాకపోతే శాంపిల్స్ ఎన్ని వేశారో, వేలాడే అణువులు తీశారో లేదో కూడా రాయండి. చూసి చెబుతాను.